ఎనిమిదింటికి లేచేవాళ్ళ బల్ల

"ఉద్యోగ జీవితం గురించి నాలుగు ముక్కలు రాయండి" అని మన బర్మా తెలుగు సంఘం పిల్లలు అడిగారు. నేను చేసిన ఆఖరి ఉద్యోగంలో చేతికి ఇచ్చేవి రెండే ముక్కలు. మిగతా రెండూ ఎక్కణ్ణుంచి తెస్తానో చూద్దాం.

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి ఊరి నడిబొడ్డున చౌక్తడా పేటలో, కోర్టు పక్కసందులో, ఒక లాయరుగారి దగ్గర ముప్ఫై ఏళ్ళకు పైగా టైపు కొట్టి. రెండోసారి ఆన్‌లైన్ పోకర్ ఆడి. మొదటి పదవీ విరమణకు దండా, గోడగడియారమూ వస్తాయనుకున్నాను. లాయరుగారు ఆఫీసుకు తాళం వేసి, పాత టైపు మిషను నా చేతిలో పెట్టి, "ఇది మీకే అలవాటు, మీరే ఉంచుకోండి" అన్నారు. కరోనా జబ్బు వచ్చి ఊరు మూసేశారు. ఊరు తెరవబోతుండగా సైన్యం వచ్చి దేశాన్ని మూసేసింది. కోర్టుల్లో సగంమంది సమ్మెలోకి పోయారు. ఇంక టైపు కొట్టించుకునేదెవరు?

టైపిస్టుకు ఒక ధర్మం ఉంది. కొట్టేది చదవకూడదు. చదివితే అర్థమవుతుంది, అర్థమైతే వేళ్ళు ఆగిపోతాయి. కొన్ని వేల ఒప్పందాలు కొట్టి ఉంటాను, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి.

పోకర్ ఆఫీసు అదే ఊళ్ళో, సంచౌంగ్‌లో మా ఇల్లే. ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. సిబ్బంది ముగ్గురం. మేనేజరు మా బావ, అంటే అక్క మొగుడు. తన్లిన్‌లో, నది అవతల కాపురం, ఓడల మీద వంటపని. జబ్బు రోజుల్లో ఒడ్డున చిక్కుకుపోయాడు. గరిటె తిప్పుతూ తిప్పుతూ ఫిలిప్పీన్స్ నావికుల దగ్గర పోకర్ నేర్చుకున్నాడు. సోమవారం వచ్చి శనివారం వంతెన దాటి వెళ్ళిపోయేవాడు. రెండో ఉద్యోగి సాయామా. బర్మీస్‌లో టీచరమ్మను అలాగే పిలుస్తారు. సర్కారు బడిలో లెక్కలు చెప్పేది. సమ్మెలోకి వెళ్ళింది. జీతం పోయింది, దాంతోపాటు బడివాళ్ళిచ్చిన క్వార్టర్సూ పోయింది. రెండు సంచులూ ఒక నల్లబల్లా పట్టుకుని మా ముందుగదిలోకి వచ్చింది. మూడో ఉద్యోగిని నేను. అనుభవం లేదు, అహంకారం మాత్రం మొదటి రోజు నుంచే పూర్తిస్థాయిలో ఉంది.

ఆట గురించి మీకు రెండు మాటలు చాలు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. కలిపి ఎవరివి మెరుగైతే వాళ్ళది గెలుపు. అయితే అంతదాకా రాకుండానే, చేతిలో చెత్త పెట్టుకుని, ఉన్నదంతా ముందుకు తోసి ఎదుటివాణ్ణి బెదరగొట్టి ఆటలోంచి లేపెయ్యవచ్చు. ఆటలోని అందమంతా అందులోనే ఉంది, రోగమూ అందులోనే ఉంది.

సాయామాకు ఆ బెదిరింపు చేతకాలేదు.

"లేనిది ఉన్నట్టు చెప్పడం అబద్ధం కదా, అమా" అనేది నాతో. అమా అంటే అక్క.

"అబద్ధం కాదమ్మా, ఆట."

"మా క్లాసు పిల్లలూ అచ్చం ఇదే మాట అనేవాళ్ళు."

ఆ వెబ్‌సైటులో ఎవరికీ పేర్లుండవు, బొమ్మలుంటాయి. నాకు గుడ్లగూబ బొమ్మ నచ్చింది.

బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఒలే మరదలా, గుడ్లగూబేటే! దరిద్రాన్ని కోరి నెత్తిమీద కూకోబెట్టుకుంతావేటి?"

"మా ఇళ్ళల్లో గుడ్లగూబల జతను బంగారు రంగు వేసి మరీ పెట్టుకుంటాం. అదృష్టం" అంది సాయామా.

ఒకే పక్షి, రెండు జాతకాలు. నేను ఉంటున్న దేశానికే ఓటు వేసి గుడ్లగూబనయ్యాను.

బావ పెట్టిన రూల్సు రెండు. ఉమ్మడి డబ్బులో ఇరవయ్యో వంతుకు మించి ఏ బల్ల మీదా పెట్టకూడదు. చిన్న బల్ల నుంచి పెద్ద బల్లకు ఎక్కాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి. "పెద్ద బల్లకాడ కూకోడానికి పెద్ద డబ్బు కాదే, పెద్ద ఓపిక గావాల. ఓడల మీద సూసినాను నేను. గడియారాలు ఒగ్గేసుకుని, బూట్లు ఒగ్గేసుకుని, ఒట్టికాళ్ళతో ఇంజను రూముకి ఎల్లిపోయినోళ్ళున్నారు."

ఇంతలో సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ తీసేశారు. తీగ మీద వచ్చేది మాత్రం మిగిలింది, అదీ రాత్రంతా ఆపేసి పొద్దున తొమ్మిదింటికి వదిలేవాళ్ళు. మా మేడ మొత్తానికి ఆ తీగ ఉన్నది మా ఇంట్లోనే, అదీ ఇంటి దగ్గర టైపు కొట్టడానికి లాయరుగారు వేయించింది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఉన్న ఇల్లంటే ఎండాకాలంలో బోరింగున్న ఇల్లన్నమాట. మీకు తెలుసుగా, మన మేడల్లో ప్రతి వరండా నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. కింద క్లిప్పుకు పేపరో కూరగాయల సంచో తగిలించి లాగితే పైన గంట మోగుతుంది, మెట్లెక్కే పనుండదు. నేను పాస్‌వర్డును చీటీల మీద టైపు కొట్టి, తాడు క్లిప్పుకు తగిలించి, ఒక్కో అంతస్తుకూ దింపాను. విప్లవానికి నావంతు సాయం అని మురిసిపోయాను కూడా.

నాలుగో అంతస్తులో, సరిగ్గా మా కింద, ఒక అప్వా ఉండేది. అప్వా అంటే మామ్మ. డెబ్బై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ జపమాల. ఒకరోజు పైకొచ్చి, ఆయాసం తీర్చుకుని, "నీ సిగ్నలు మా పడగ్గదికి రావడం లేదమ్మా. సన్యాసుల ప్రవచనాలు సగంలో ఆగిపోతున్నాయి. పుణ్యం సగమే వస్తోంది" అంది. మిగతా సగం పుణ్యానికి మేము అడ్డుపడకూడదని బావ మా తాడు పక్కనే ఇంకో తీగ కిందికి దింపి, ఆవిడ మంచం పక్కన చిన్న పెట్టె బిగించి వచ్చాడు. అప్వా అతనికి మామిడిపచ్చడి ఇచ్చింది.

ఈ అప్వాకు ఇంకో పదవి కూడా ఉంది. రాత్రి ఎనిమిది కొట్టగానే ఊరంతా వరండాల్లోకి వచ్చి గిన్నెలు, మూకుళ్ళు, డబ్బాలు మోగించడం ఆ ఏడాది అలవాటు. చెడును చప్పుడుతో వెళ్ళగొట్టడం ఇక్కడి పాత పద్ధతి. ఈసారి చెడు ఎవరో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. వీధి చివర సైనికుల లారీ కనిపిస్తే దీపాలు ఆర్పేసి చీకట్లో కొట్టేవాళ్ళం. మా వీధిలో మొదటి దెబ్బ అప్వాది. ఆవిడ మూకుడు మోగాకే మిగతావి మోగేవి. ఎవరి ఇల్లు పలకలేదో చెవితోనే హాజరు పట్టేది.

"ఐదో అంతస్తూ! రెండే వినపడుతున్నాయి! మూడోది నిద్రపోయిందా?" అని కింద నుంచి కేక వేసేది.

జీవితమంతా నా ఉద్యోగం కొట్టడమే చూడండి. పగలు టైపు, సాయంత్రం మూకుడు.

ఇప్పుడు నా ప్రతిభ సంగతి చెబుతాను. చిన్న బల్లల దగ్గర కూర్చున్న కొత్తలో ఒక వింత గమనించాను. బల్లకు తొమ్మిదిమంది కూర్చుంటారు, ఎవరు ఏ దేశమో తెలియదు. సరిగ్గా ఎనిమిదింటికి కొన్ని బొమ్మల మీద "బయటికి వెళ్ళారు" అని బూడిదరంగు చీటీ పడేది. పావుగంట తర్వాత ఆ చీటీలన్నీ ఒకేసారి తొలగిపోయేవి. నాలుగు రోజులు చూశాక బుర్ర వెలిగింది. ఎనిమిదింటికి లేచేవాళ్ళందరూ మనవాళ్ళే! పులిబొమ్మ, చేపబొమ్మ, నల్ల కళ్ళద్దాలవాడు, అందరూ ఏదో ఒక వీధిలో వరండా ఎక్కి మూకుడు మోగిస్తున్నారు.

ఇక చూసుకోండి. ఏడూ యాభై అయిదయ్యేసరికి మనవాళ్ళకు కాలు నిలవదు. ఆట తొందరగా ముగియాలని చేతిలో ఏమీ లేకపోయినా పెద్ద మొత్తం తోసి బెదిరిస్తారు. అప్పుడు నేను లేవకుండా కూర్చుంటాను. ఎనిమిదింపావుకు తిరిగొచ్చేటప్పుడు అందరూ వీరావేశంలో ఉంటారు, ఎవరికీ భయపడరు, గవ్వకు కొరగాని ముక్కలతో ఎదురొడ్డుతారు. అప్పుడు నేను మంచి ముక్కలు దాచుకుని కూర్చుంటాను. నాకు బదులు వరండాలో బావ రెండు చేతులా రెండు మూతలు కొట్టేవాడు, ఒకటి తన వాటా, ఒకటి నా వాటా. దేశసేవ కూడా బావచేత చేయించుకున్న మరదల్ని నేను.

రెండు నెలలు గెలిచాను. ముగ్గురి బియ్యం, అక్కకు పంపే సరుకులు, కరెంటు, అన్నీ దాంట్లోంచే. దాంతో నాకు పోకర్ వచ్చేసిందనే నమ్మకం కుదిరింది.

అప్పుడే సాయామాకు గది అవసరం పడింది. సర్కారు బడికి పంపడం ఇష్టంలేని తల్లులు ఆమెను అడుగుతున్నారు. పక్కవీధిలో ఒక గది ఉంది, ఇంటాయన ఆరునెలల అద్దె ఒకేసారి, వచ్చే ఆదివారంలోగా కావాలన్నాడు. లేకపోతే ఆమె సోమవారం బస్సెక్కి ఎగువ ఊళ్ళో అన్నగారింటికి వెళ్ళిపోవాలి.

"అక్కడికెళ్తే అన్నయ్య ఊరుకోడు, అమా. మళ్ళీ బడిలో చేరతానని సంతకం పెట్టిస్తాడు" అంది. నల్లబల్లను సంచుల పక్కన అప్పటికే గుడ్డతో చుట్టి పెట్టుకుంది.

రాత్రి అన్నాల దగ్గర నేను ప్రతిపాదించాను. పెద్ద బల్లకు ఎక్కుదాం. వారం చాలు.

"నీకు బుర్రుందేటే? ఆ బల్లకాడ ఉన్నోళ్ళు ఆటగాళ్ళే. నువ్వేటి?" అన్నాడు బావ.

"నేనూ ఆటగత్తెనే. రెండు నెలలు ఎవరు తినిపించారు?"

"ఎనిమిది గంటలు తినిపించినాయి! నువ్వు ఎవుర్ని ఓడించినావు, సెప్పు? మూకుడు కోసం పరిగెత్తినోళ్ళని ఓడించినావు. అదేటి గొప్పా?"

సాయామా కూడా చెయ్యెత్తలేదు. "నా గది కోసం మీ బియ్యం పణం పెట్టొద్దు."

ఒకటికి రెండు ఓట్లు. ప్రజాస్వామ్యం మా ఇంట్లో చక్కగా పనిచేసింది. దాన్ని కూలదోసింది నేనే. ఆ ఏడాది ఆ పని చేసినవాళ్ళలో నేను రెండోదాన్ని.

బావ ఆ వారం రాలేదు, అక్కకు జ్వరం. గురువారం సాయంత్రం ఉమ్మడి డబ్బులో సగం తీసుకుని పెద్ద బల్లకు ఎక్కాను. ఎక్కేముందు వెబ్‌సైటువాళ్ళు పొడుగాటి నిబంధనల పత్రం చూపించి, అంగీకారమా అని అడిగారు. నా వృత్తి ధర్మం ప్రకారం ఒక్క అక్షరం చదవకుండా అంగీకరించాను.

ఎనిమిదైంది. కిటికీ బయట ఊరు దద్దరిల్లింది. బల్ల దగ్గర ఒక్కడూ లేవలేదు. ఒక్క చీటీ కూడా పడలేదు. పులులు లేవు, చేపలు లేవు. ఏ మంచుదేశాల్లోనో టీ తాగుతూ కూర్చున్న నిదానస్థులు. వాళ్ళకు ఎనిమిదైతేనేం, తొమ్మిదైతేనేం? నా చేతిలో ఉన్న విద్య ఒక్క గడియారమే, అది అక్కడ చెల్లలేదు. బావ మాట అప్పుడు చెవికెక్కింది. కానీ లేచి వచ్చేస్తే ఒప్పుకున్నట్టవుతుంది కదా!

నన్ను ఎక్కువగా దోచింది నీలిరంగు నక్కబొమ్మ. పిల్లి ఎలుకతో ఆడినట్టు ఆడేది. మంచి ముక్కలుంటే నిద్రపోతున్నట్టుండేది, లేకపోయినా అలాగే ఉండేది. గురు, శుక్రవారాలు రెండు రోజులూ ఏడున్నరకల్లా గెలిచింది మూటగట్టుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ దేశంలో భోజనాల వేళ కాబోలనుకున్నాను. శుక్రవారానికి నేను తీసుకెళ్ళిన సగంలో సగం మిగిలింది.

శనివారం ఉన్నదంతా బల్ల మీద పెట్టాను. సాయామా చూడకుండా వంటింట్లో, స్టవ్ పక్కన బియ్యండబ్బాకు ఫోను ఆనించి, అన్నం వార్చే మనిషిలా నిలబడి ఆడుతున్నాను. ఆరోజు నక్కకు ముక్కలు విరగబడ్డాయి, ఏడున్నరకు లేవలేదు. ఏడుంబావు నుంచి నాకూ బాగానే పడుతున్నాయి. ఏడూ యాభై ఏడుకు నా చేతికి తొమ్మిదుల జత వచ్చింది. మిగతావాళ్ళు తప్పుకున్నారు. నక్కా, గుడ్లగూబా మిగిలాం. బల్ల మీద ఒక్కో ముక్కే పరిచారు. రాజు, రాణి, మిగతా మూడూ చిల్లర. నక్క దగ్గర ఒక రాజుగాని రాణిగాని ఉంటే నా తొమ్మిదులు బూడిదే.

ఎనిమిదికి అర నిమిషం ఉందనగా నక్క ఉన్నదంతా ముందుకు తోసింది.

నేను ఒప్పుకుంటే నా ముందున్నదంతా పెట్టాలి. అంటే సాయామా గది, కొంతవరకు మా బియ్యమూ. ఆలోచించుకోవడానికి నిమిషం టైమిచ్చారు. స్టవ్ మీద అన్నం మాడుతున్న వాసన. ముందుగది నుంచి సాయామా గొంతు. "అమా! ఎనిమిదవుతోంది, మూకుడు ఎక్కడ పెట్టారు?"

"వస్తున్నా, వస్తున్నా!"

ఇంకా ముప్ఫై సెకన్లున్నాయి. నక్క నిదానస్థుడు. రెండు రోజులుగా ఇంత తొందరపాటు చూడలేదు. లేవడమే మంచిదని వేలు తప్పుకునే గుర్తు దగ్గర పెట్టాను. అప్పుడు గడియారం ఎనిమిది చూపించింది. నక్క మొహం మీద బూడిదరంగు చీటీ పడింది.

"బయటికి వెళ్ళారు."

ఉన్నదంతా బల్ల మధ్యలో పెట్టి, నేను ఏం చేస్తానో చూడకుండా, లేచి వెళ్ళిపోయాడు! ఎనిమిదింటికి! మంచుదేశమా మన్నా! వీడు మనవాడు. వీడికి మూకుడు వేళయింది. చేతిలో ఏమీ లేదు!

ఒప్పుకున్నాను. నక్క ముక్కలు వెల్లకిలా పడ్డాయి. ఏడూ, రెండూ. పేకలో అంతకన్నా చెత్త జంట లేదు. బల్ల మీదున్నదంతా గుడ్లగూబ వైపు జరిగింది. గది అద్దె, పోయిన డబ్బు, పైన ఇంకొంత కూడా.

నేను మాడిన గిన్నెతో సహా వరండాలోకి పరిగెత్తాను. మొదటి దెబ్బ అప్పుడే ఎదురింటి నుంచి మోగింది. కింద అప్వా మూకుడు ఇంకా మోగలేదు. కాసేపటికి ఆయాసపడుతూ వచ్చి కొట్టడం మొదలుపెట్టింది. "అప్వా ఈరోజు లేటు!" అని కేక వేశాను. ఆవిడ మూకుడు ఇంకా గట్టిగా మోగింది. అన్నంగిన్నెకు ఆరోజు పడిన సొట్ట ఇప్పటికీ ఉంది. నేను దేశం కోసం కొట్టానో, గెలిచినందుకు కొట్టానో గిన్నెను అడిగితే తెలియాలి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, లైను రాగానే, వెబ్‌సైటు తెరిచాను. ఒక ఉత్తరం ఉంది. మీరూ, నీలినక్క అనే ఆటగాడూ ఒకే ఇంటి లైను మీద నుంచి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, మీరు అంగీకరించిన నిబంధనల ప్రకారం అది నిషిద్ధం, పైగా నీలినక్క పనికిరాని ముక్కలతో కావాలనే మీకు అంతా వదిలేసి వెళ్ళినట్టు కనిపిస్తోంది, కాబట్టి ఇద్దరి ఖాతాలూ మూసేశాం, సొమ్ము నిలిపేశాం.

నవ్వొచ్చింది. ఒకే ఇల్లా? నా ఇంట్లో నక్క ఎక్కడుంది?

తలుపు చప్పుడైంది. గుమ్మంలో అప్వా. ఒక చేతిలో జపమాల, ఒక చేతిలో ఫోను, మెట్లెక్కిన ఆయాసం.

"ఐదో అంతస్తూ, నీ లైను చెడిపోయింది. పొద్దుట్నుంచి నా నక్క తెరుచుకోవడం లేదు."

సాయామా వచ్చి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నా చేతిలో ఫోను తీసుకుని, ఉత్తరం చదివి, ఆవిడ ఫోను కూడా చూసింది. లెక్కల టీచరు కదా, నాకన్నా ముందే తేలిపోయింది.

"ప్రవచనాలన్నావు కదా, అప్వా!" అన్నాను ఏడుపు గొంతుతో.

"అవీ వింటాను. ప్రవచనం చెవులకు, ఆట చేతులకు. ఆయన బతికుండగా ప్రతి పండక్కీ ఇంట్లో పేకాటే." కాస్త ఆగింది. "ఆ ఊరుపేరులేని గుడ్లగూబ నువ్వేనా? ఏదో దేశంలో భయస్థురాలైన గుమాస్తా అనుకున్నాను. ఎనిమిదైంది, మూకుడు అందుకోవాలి. ఉన్నదంతా తోసేస్తే భయపడి లేచిపోతావనుకున్నాను. రెండు రోజులూ అలాగే లేచావు కదా!"

"లేచేదాన్నే. నువ్వు లేవకుండా ఉంటే లేచేదాన్నే."

"నేను లేవకుండా ఎలా ఉంటాను?" అంది అప్వా నిజంగానే ఆశ్చర్యపోయి.

సాయామా ఆ రోజంతా నా మీద కోపం చూపించలేదు. మధ్యాహ్నం నల్లబల్లకు చుట్టిన గుడ్డ ఊడిందని మళ్ళీ గట్టిగా కట్టుకుంటుంటే చూసి, ఆమె తిట్టి ఉంటే బాగుండుననుకున్నాను. తన్లిన్‌కు ఫోను చేసి అంతా చెప్పేశాను. బావ వెనక నుంచి అక్క అడుగుతోంది, "ఏటైనాదట?" అని.

"ఏటీ నేదు. నీ చెల్లెలు కింద ఇంటి ముసల్దాన్ని ఓడించినాది. పెపంచకంలో ఇంకెవుడూ దొరకనట్టు!" అన్నాడు. తర్వాత నాతో, "మరదలా, ఆ తీగ కిందకి దింపినోణ్ణి నేనే. పచ్చడి కూడా తినేసినాను. నిన్ను తిట్టడానికి నాకు మొహం నేదు. రేపొత్తాను, బియ్యం తెస్తాను. ఏడవకు" అన్నాడు.

సాయంత్రం అప్వా తాడు మీద చీటీ పంపింది. నాకు కాదు, సాయామాకు. గంట మోగితే నేనే లాగాను. పాత పెద్దవాళ్ళ గుండ్రటి బర్మీస్ అక్షరాలు. సాయామా చదివి, మెట్లు దిగి కిందికెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను, పిలవకపోయినా.

అప్వా తన ముందుగదిలో కుర్చీలన్నీ గోడకు చేర్పించి ఉంచింది.

"నా డబ్బు పోయింది, మీ డబ్బు పోయింది. ఈ గది మిగిలింది. నేను దీన్ని ఏం చేసుకుంటాను? ఎనిమిదింటికి వరండాలోకి వెళ్ళడానికి దారి ఉంచు, చాలు. మిగతాచోటంతా నీ పిల్లలు కూర్చోవచ్చు" అంది సాయామాతో.

"అద్దె?"

"నా అదృష్టం చూశావు కదా! కాస్త లెక్కలు నాకూ నేర్పు." నా వైపు తిరిగింది. "ఇదిగో ఈ గుమాస్తాకు చదవడం నేర్పు."

సోమవారం బస్సు సాయామా లేకుండానే వెళ్ళింది. నల్లబల్ల ఐదో అంతస్తు నుంచి నాలుగుకు దిగింది. మోసింది నేనూ, బావా. పెద్ద బల్లకు ఎక్కబోయి చివరికి బల్ల మోశానని బావ అందరికీ చెప్పుకున్నాడు. నేను కాదనలేదు.

ఇక మిగిలింది వెబ్‌సైటువాళ్ళతో తగువు. ఇక్కడ నా అసలు ఉద్యోగం నాకు గుర్తొచ్చింది. టైపు మిషను దుమ్ము దులిపి, లాయరుగారి ఫక్కీలో ఇంగ్లీషులో అర్జీ తయారుచేశాను. అర్జీదారు ఐదో అంతస్తు నివాసి అనియు, రెండవ అర్జీదారు నాలుగవ అంతస్తు నివాసి అనియు, వారిరువురి మధ్య పదిహేడు మెట్లూ ఒక తీగా తప్ప ఏ విధమైన కుట్రా లేదనియు. కొట్టిన ప్రతి వాక్యాన్నీ సాయామా నాచేత పైకి చదివించింది. వయసు మీద పడ్డాక చదువు నేర్చుకోవడం ఎంత అవమానమో మీకు తెలియకూడదని కోరుకుంటున్నాను. జతపరచిన పత్రాలు: అప్వా సంతకంతో ఒక ప్రమాణపత్రం, సొట్టపడిన అన్నంగిన్నె ఫోటో. అన్నిటికీ ఫోటో తీసి పంపించాం.

వాళ్ళ జవాబు కొన్నాళ్ళకు, సాయంత్రం క్లాసు అయిపోయే వేళకు వచ్చింది. పిల్లలు వెళ్ళిపోయారు. అప్వా ముందుగదిలో నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. బావ తెచ్చిన శనగలు తింటూ, సాయామా చదువుతుంటే వింటున్నాం. మీ అర్జీ ఆసక్తికరంగా ఉంది, ఒక్క సందేహం మిగిలింది, అన్నారు వాళ్ళు. అంత అనుభవమున్న ఆటగాడు, తన సర్వస్వమూ బల్ల మీద పెట్టి, ఫలితం కూడా చూడకుండా, సరిగ్గా ఆ నిమిషానికే ఎందుకు లేచి వెళ్ళినట్టు? నమ్మదగిన కారణం రాతపూర్వకంగా తెలియజేస్తే పునఃపరిశీలిస్తాం.

"ఇప్పుడే రాసేద్దాం" అని నేను మిషనులో కాగితం ఎక్కించాను. "అయ్యా" అని కొట్టాను. తర్వాత ఏం కొట్టాలో ఆలోచిస్తున్నాను.

"రాయవే, మరేటి ఆలోసన? డబ్బొచ్చేస్తాది" అన్నాడు బావ.

అప్వా గోడగడియారం వైపు చూసి, జపమాల మెడలో వేసుకుని, మూకుడు కోసం చెయ్యి చాపింది.

"రేపు రాద్దువులే. లే."

లేచాం. కాగితం మిషనులోనే ఉంది, శనగలు బల్ల మీదే ఉన్నాయి. మొదటి దెబ్బ ఎప్పటిలాగే అప్వా కొట్టింది.